బయట తిరిగే పిల్లులకి చలిగూడు, కరెంటు పరుపు: వాడి చూసి రాస్తున్నా

ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. గూడు కొనొచ్చు, బానే ఉంది. దాంతో పాటు ఇచ్చే మెత్తటి బొచ్చు పరుపు మాత్రం లోపల వేయకండి. ద్వారానికి వేలాడే ప్లాస్టిక్ తెరని మొదట్లో తీసి పక్కన పెట్టండి. కరెంటు పరుపు ఉంటే మేలే గానీ దాన్నే నమ్ముకోవద్దు. అన్నిటికన్నా పనికొచ్చింది ఏంటంటే, విడిగా తీసుకున్న నీళ్లు గడ్డకట్టనివ్వని గిన్నె. మొత్తానికి 5కి 3.5 ఇస్తున్నా. రివ్యూ కాస్త పెద్దదే అయింది, ఎందుకంటే కొనేముందు నేను చదివిన వాటిలో సగం "చాలా క్యూట్‌గా ఉంది, మా పిల్లికి తెగ నచ్చింది" దగ్గరే ఆగిపోయాయి. గడ్డకట్టే చలిలో, వానా మంచూ కలిసి కొట్టినప్పుడు, కరెంటు పోయినప్పుడు ఇది ఏం చేస్తుందో ఎవరూ రాయలేదు.

మా పెరట్లోకి రెండు పిల్లులు వస్తాయి. పెంచుకునేవి కావు. ఒకటి నారింజ రంగు మగపిల్లి, ఎడమ చెవి కొన కత్తిరించి ఉంటుంది, అంటే ఎవరో పట్టుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్లీ వదిలిపెట్టారన్నమాట. ఇంకోటి బూడిద రంగుది, మనిషి చెయ్యి ఎత్తితే చాలు గోడ దూకేస్తుంది. ఇంట్లోకి రమ్మంటే రావు. తలుపు తీసి పెట్టినా గుమ్మం దగ్గర కూచుని లోపలికోసారి చూసి వెళ్లిపోతాయి. ఎండాకాలమంతా వాటి గొడవ వాటిది, నా గొడవ నాది. ఉష్ణోగ్రత సున్నా కిందకి దిగడం మొదలయ్యేసరికి మాత్రం నాకు నిద్ర చెడుతుంది, రాత్రి లేచి ఫోన్‌లో వాతావరణం చూసుకోవడం, కిటికీ తెర పక్కకి లాగి చీకట్లోకి చూడడం, ఏమీ కనపడక మళ్లీ వచ్చి పడుకోవడం. మా చెల్లెలికి చెబితే నవ్వింది. "అన్నయ్యా, దానికి ఒళ్లంతా బొచ్చుంది, నీకు దుప్పటుంది, ఇంకెందుకు టెన్షన్" అంది.

బొచ్చు మాట అబద్ధమేం కాదు. చలికాలానికి బయట తిరిగే పిల్లికి లోపలి పొర దట్టంగా పెరుగుతుంది, వెంట్రుకల మధ్య నిలిచిన గాలే దానికి రక్ష. కాకపోతే ఒంటి వేడి నిలుపుకోవడానికి అదనంగా ఏమీ ఖర్చు పెట్టక్కర్లేకుండా పిల్లి ఉండగలిగే ఉష్ణోగ్రత సుమారు 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్. మనకైతే చెమటలు కారిపోయే వేడి అది. మిట్టమధ్యాహ్నం కాలే బండ మీద కూడా అంత హాయిగా ఒళ్లు విరుచుకుని పడుకుంటుందంటే కారణం ఇదే. ఇంటి పిల్లులన్నీ పశ్చిమాసియా అడవి పిల్లి సంతతి అని 2007లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది, అంటే ఎండు నేలల్లో తిరిగిన జాతే గానీ మంచులో పుట్టినది కాదు. 30 నుంచి కిందకి దిగేకొద్దీ అది తిన్న తిండిలో కొంత వెచ్చదనం కోసమే కాల్చుకుంటూ ఉండాలి. కడుపు నిండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి, ఒళ్లు పొడిగా ఉండి గాలి తగలకపోతే, మనం అనుకునేదానికన్నా ఎక్కువ చలే తట్టుకుంటుంది. తడిస్తే మాత్రం అంతే సంగతులు. కదలని గాలితో పోలిస్తే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, బొచ్చులో గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరాయంటే ఆ బొచ్చు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. అందుకే నన్ను ఎక్కువ భయపెట్టేది బాగా గడ్డకట్టిన పొడి రాత్రి కాదు. సున్నాకి అటూ ఇటూ ఊగుతూ వానా మంచూ కలిసి పడే రాత్రి, దానికి తోడు ఈదురుగాలి. గూడు మంచిదా కాదా అని చూడాల్సింది ముందు ఇక్కడే. లోపల పొడిగా ఉందా, గాలి ఆగిందా. వెచ్చదనం సంగతి ఆ తర్వాత.

ఇక వస్తువు సంగతి. నేను తీసుకున్నది గుడ్డ రకం, మడత పెట్టొచ్చు. బయట వాటర్‌ప్రూఫ్ పాలిస్టర్, మధ్యలో పల్చటి ఫోమ్, మూలలకి జిప్పులు, పైన ఏటవాలు కప్పు, ఎదురుగా ఒక ద్వారం, పక్కన ఇంకోటి. బిగించడానికి టూల్స్ ఏమీ అక్కర్లేదు, నాలుగు గోడలు నిలబెట్టి జిప్పులు లాగితే అయిపోయింది. కొత్తలో రసాయనం వాసన ఉంది, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాల్సి వచ్చింది. మీరూ ఆరబెట్టే పెట్టండి, పిల్లి ముక్కుకి ఆ వాసన మనకన్నా చాలా ఎక్కువ తెలుస్తుంది. ఫోమ్ మందం నా చిటికెన వేలంత కూడా లేదు. "ఆర్కిటిక్ చలికి కూడా" అని ప్రకటనలో వేశారు గానీ, ఆ మందానికి అది చాలా పెద్ద మాట.

కప్పు దగ్గరే వచ్చింది చిక్కు. రెండు వాలుల్నీ నడినెత్తిన కలిపి కుట్టారు, ఆ కుట్టు మీద ఒక సన్నటి టేపు అతికించారు. మొదటిసారి మంచు పడి పగలు కరిగినప్పుడు లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాను. సూది గుచ్చిన ప్రతి రంధ్రం దగ్గరా ఒక చెమ్మ చుక్క, కుట్టు పొడవునా వరసగా. కారడం లేదు, ఊరుతోంది. పొద్దున్నుంచి సాయంత్రానికి కింద గుప్పెడంత మేర తడి. కంపెనీకి ఫోటోలు పంపితే "నేరుగా వాన పడని చోట, వరండాలో పెట్టుకోండి" అని జవాబు వచ్చింది. అలాంటప్పుడు అట్టపెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో అన్ని వాతావరణాలకీ అని ఎందుకు అచ్చు వేసినట్టు? చివరికి చూరు కింద గోడకి ఆనించి పెట్టి, పైన ఒక పాత టార్పాలిన్ ముక్క వాలుగా కట్టాను, అప్పట్నుంచీ పొడిగానే ఉంది. ఒకటిన్నర స్టార్ పోయింది మాత్రం ఈ కుట్టు వల్లే.

ఇంకో మాట, సైజు గురించి. ఇవే గూళ్లలో పెద్దది కూడా ఉంది, ఫోటోలో మూడు పిల్లులు కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నట్టు చూపిస్తారు. జాలిపడి పెద్దది తీసుకోవద్దు. గూడులో హీటర్ అంటే అసలు పిల్లి ఒళ్లే, దాని వేడితో లోపలి గాలి వెచ్చబడాలి, చోటు పెరిగిన కొద్దీ ఆ వేడి చాలదు. రెండు పిల్లులు ఒకదానికొకటి ఆనుకుని ముడుచుకు పడుకునేంత చోటుంటే చాలు. మన కంటికి ఇరుకుగా కనిపించేదే వాటికి వెచ్చగా ఉంటుంది. ద్వారం కూడా అంతే, 15 సెంటీమీటర్లు ఉంటే పెద్ద పిల్లి కూడా సులువుగా దూరుతుంది, కుక్కలాంటి పెద్ద జంతువు దూరలేదు. రెండు ద్వారాలు ఎందుకంటే ఒకవైపు నుంచి ఏదైనా వస్తే ఇంకోవైపు నుంచి పారిపోవడానికి. నిజమే, భయస్తురాలైన మా బూడిద పిల్లి రెండో ద్వారం లేకపోతే అసలు అడుగే పెట్టేది కాదేమో. కానీ రెండూ తెరిచి ఉంటే గాలి అటు దూరి ఇటు పోతుంది కదా, అందుకే ఒకదాన్ని గోడ వైపుకి తిప్పి, గోడకీ గూడుకీ మధ్య పిల్లి పట్టేంత సందు వదిలాను. దారి ఉంది, గాలి లేదు.

ఆ ప్లాస్టిక్ తెర గురించి చెప్పాలి. షాపులో చూస్తే మెత్తగా, పారదర్శకంగా, భలే ఉంటుంది. చలికి అదే బిర్రబిగుసుకుపోయి, తోస్తే టప్పుమని చప్పుడు చేస్తుంది. నారింజోడు తల పెట్టాడు, అది ముక్కుకి తగిలింది, వెనక్కి దూకి మళ్లీ ఆ చాయలకి రాలేదు. తెర పీకేసి, ద్వారం దగ్గర రోజూ తిండి పెట్టి, తర్వాత గిన్నెని రోజుకి కొంచెం లోపలికి జరుపుతూ పోతే అప్పుడు దారికొచ్చాడు. అలవాటు పడ్డాక తిండి మళ్లీ బయటికి మార్చేశాను, ఎందుకంటే గూట్లో తిండి వాసన ఉంటే పక్క వీధి పిల్లులూ ఇంకేవేవో కూడా వచ్చి దెబ్బలాట పెట్టుకుంటాయి. తెర మళ్లీ బిగించలేదు. ద్వారం గాలి వీచే వైపుకి లేకుండా చూసుకుంటే దానితో పెద్ద పని కూడా లేదు.

ఇప్పుడు పరుపు. లేత గులాబీ రంగు, ఉన్నిలాంటి బొచ్చు, చూస్తే మనకే పడుకోవాలనిపిస్తుంది. సరిగ్గా అందుకే పెట్టారది. ఈ మొత్తం సామాన్లో చాలా భాగం పిల్లి కోసం కాదు, దాని గురించి నిద్ర మానుకున్న మనిషి కోసం తయారైంది, ఆ పరుపు చూస్తే మన మనసు కుదుటపడుతుంది, కార్డు తీసి డబ్బులు కట్టేస్తాం. పిల్లి మంచులో తిరిగి వచ్చి దాని మీద పడుకుంటే పాదాల తడి, ఒంటి తడి, ఊపిరి ఆవిరి అంతా ఆ గుడ్డ పీల్చుకుంటుంది. అది లేచి వెళ్లిపోయాక ఆ తడి గడ్డకడుతుంది. పొద్దున్నే తీసి చూస్తే అంచు గట్టిపడిపోయి, వంచితే చిటచిటమంటోంది. రాత్రికి మళ్లీ దాని మీద పడుకోవాలంటే ముందు ఆ మంచు కరిగించడానికే దాని ఒంటి వేడి సగం పోతుంది. పాత దుప్పట్లు, తువ్వాళ్లు, స్వెటర్లు, మనం ప్రేమగా వేసే అన్నిటికీ ఇదే జబ్బు.

వేయాల్సింది గడ్డి. అదీ ఏ గడ్డి పడితే అది కాదు. ధాన్యం నూర్చేశాక మిగిలే కాడలు, గోధుమదో వరిదో బార్లీదో, లోపల బోలుగా ఉంటాయి, నీళ్లు త్వరగా పీల్చవు, ఆ బోలులోనూ కాడల మధ్యా గాలి నిలిచి ఉంటుంది. పశువుల మేతకని పచ్చిగా కోసి ఎండబెట్టిన గడ్డి దీనికి పనికిరాదు, అది తేమ పీల్చి బూజు పడుతుంది, ముక్కుల్లోకి దుమ్ము పోయి తుమ్ములు కూడా. కొనేటప్పుడు రంగు చూడండి, పసుపు పచ్చగా గట్టిగా విరిగేది కావాలి, ఆకుపచ్చగా మెత్తగా ఉండేది వద్దు. గూడుని సగానికి పైగా నింపాలి, కూరకూడదు. పిల్లి అందులో దూరి, చుట్టూ తిరిగి తనకి కావాల్సిన గుంట తనే చేసుకుంటుంది. గడ్డి వేసిన తర్వాత రోజు లోపల చూస్తే సరిగ్గా ఒక పిల్లి పట్టేంత గుండ్రటి పళ్లెం ఆకారం, అంచులన్నీ పైకి లేచి. అది చూశాక గులాబీ పరుపు అటక మీదకెక్కింది. వారానికోసారి చెయ్యి పెట్టి చూసి తడిసినంత మేర మారిస్తే చాలు. గూడు కింద కూడా మర్చిపోవద్దు, నేల నుంచి వచ్చే చలి తక్కువేం కాదు. నేను రెండు చెక్క పలకల మీద 5 సెంటీమీటర్ల మందం థర్మాకోల్ షీటు వేసి దాని మీద గూడు పెట్టాను. దీనికైన ఖర్చు మొత్తం సామాన్లో అన్నిటికన్నా తక్కువ, చేసిన మేలు మాత్రం ఆ ఫోమ్ గోడలకన్నా ఎక్కువనే అనుకుంటున్నా.

కరెంటు పరుపు గురించి జనం రాసిన ఫిర్యాదుల్లో సగం అన్యాయం. "ప్లగ్ పెట్టి గంటసేపు చూశా, చెయ్యి పెడితే వేడే లేదు, రిటర్న్ చేశా" అని. అది అలాగే ఉండాలి. నేను తీసుకున్నది 20 వాట్లది, లోపల థర్మోస్టాట్ ఉంది, పైన బరువు పడి ఒంటి వేడి బయటికి పోకుండా ఆగినప్పుడు మాత్రమే పిల్లి ఒంటి ఉష్ణోగ్రత దాకా, అంటే 38, 39 డిగ్రీల దాకా వెళుతుంది. జ్వరం వచ్చినవాడి నుదురు ముట్టుకుంటే ఎంత వేడో అంతే, అంతకు మించదు. ఉత్తప్పుడు చుట్టూ ఉన్న చలికన్నా కాస్త నయం, అంతే. పరీక్షించాలంటే పైన ఒక దిండు వేసి అరగంట తర్వాత కింద చెయ్యి పెట్టి చూడండి. రోజంతా వేసి ఉంచినా అర యూనిట్ కూడా కాలదు, బిల్లు గురించి భయం అక్కర్లేదు. దీనికి బదులు మనుషులు నడుముకి పెట్టుకునే కరెంటు కాపడం ప్యాడ్ వేద్దామనుకునేవాళ్లు దయచేసి ఆగండి. అవి పిల్లి ఒంటికి ఎక్కువ వేడి, చర్మం కాలుతుంది, పైగా బయట తడిలో వాడేందుకు చేసినవి కావు. వేడి బల్బు వేలాడదీసి కింద గడ్డి వేయడం ఇంకా ఘోరం, నిప్పు అంటుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. గడ్డిలో పెట్టే ప్యాడ్ అయినా సరే, గడ్డి కింద కప్పెట్టకుండా ఒక పక్కన పైన ఉండేలా చూసుకోండి, తయారుచేసినవాళ్ల కాగితంలో ఏం రాశారో చదవండి.

దీంట్లో నాకు నచ్చింది వైరు. పళ్లతో కొరికినా తెగకుండా స్టీలు చుట్ట వేశారు, బయట ఆరుబయట వాడడానికని స్పష్టంగా రాశారు. నచ్చనిది వైరు పొడవు, గోడ ప్లగ్ దాకా రాదు, మధ్యలో ఎక్స్‌టెన్షన్ పెట్టాల్సి వచ్చింది, ఆ జాయింటు మీద మంచు పడకుండా ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేయాల్సి వచ్చింది. లీకేజీ వస్తే క్షణంలో కరెంటు ఆపేసే ట్రిప్ స్విచ్ లేని ప్లగ్‌కి మాత్రం దీన్ని తగిలించకండి.

కానీ కరెంటు పరుపు మీద నా అసలు అభ్యంతరం వేరే. పెద్ద మంచు తుఫాను వచ్చి తీగలు తెగిన రాత్రే కరెంటు పోతుంది, అంటే ఏ రాత్రి కోసం దాన్ని కొన్నామో ఆ రాత్రే అది ఉండదు. మాకూ అలా ఒక రాత్రి పోయింది. ఆ రాత్రి రెండు పిల్లులూ గూట్లోనే ఉన్నాయి, గడ్డిలోకి లోతుగా దిగి, టార్చి వేస్తే రెండు జతల కళ్లు మెరిశాయి, ఒకటి చిరాగ్గా బుస్సుమంది కూడా. అవి పరుపు మీద లేవు. కరెంటు ఉన్న రోజుల్లో కూడా సగం సార్లు పరుపు వదిలి గడ్డి వైపే ఉంటున్నాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: పొడి చోటు, గాలి అడ్డం, కింద థర్మాకోల్, లోపల గడ్డి, ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే కరెంటు పరుపు. ముసలి పిల్లికి, కీళ్ల నొప్పులున్నదానికి మాత్రం ఇది నిజంగా సుఖం, దాన్ని కాదనను.

ఇక నీళ్ల గిన్నె. దీన్ని చివర్లో, అదీ అంత ఇష్టం లేకుండానే కొన్నాను, మంచు ఉండగా నీళ్లకేం లోటు అనిపించింది. లెక్క చూస్తే ఎంత లోటో అర్థమవుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఒక గ్రాము మంచుని నీళ్లుగా మార్చడానికి 80 కేలరీల వేడి కావాలి, అదే వేడితో ఆ గ్రాము నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు. మంచు తిని దాహం తీర్చుకోవాలంటే ఆ వేడంతా కడుపులోంచే రావాలి, చలికి తట్టుకోవడానికి దాచుకోవాల్సిన వేడి అది. పైగా పిల్లులు మామూలుగానే నీళ్లు తక్కువ తాగుతాయి, చలికాలం ఇంకా తగ్గిస్తే మూత్రం చిక్కబడి మగపిల్లులకి నాళం మూసుకుపోయే ప్రమాదం, అది ప్రాణం మీదకి తెచ్చే జబ్బు. ఈ గిన్నె 25 వాట్లది, దీనికీ థర్మోస్టాట్ ఉంది, నీళ్లని వేడి చేయదు, గడ్డకట్టకుండా ఆపుతుంది, అంతే. బాగా గాలి ఉన్న రోజు అంచున సన్నటి పొర కట్టింది, గిన్నె గాలికి చాటుగా జరిపితే అదీ పోయింది. పరుపూ గిన్నే కలిపి రోజంతా వేసినా ఒక యూనిట్‌కి కాస్త పైన. రెండింట్లో ఒకటే కొనగలను అంటే కళ్లు మూసుకుని గిన్నె కొనండి. పొద్దున్నే పిల్లుల తర్వాత పిచ్చుకలు, ఒక కాకి కూడా వచ్చి తాగి పోతున్నాయి. ఎవరొచ్చి తాగినా నాకు అభ్యంతరం లేదు, రోజూ కడగడమే పని.

పక్షుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ టెన్షన్ ఒకసారి మొదలైతే పిల్లులతో ఆగదు. ఉడుత ఎలా ఉందో, చెరువులో బాతుల కాళ్లు గడ్డకట్టవా, అని. అడవిలో పుట్టినవాటికి మన గుడ్డ గూళ్లు అక్కర్లేదు. బాతు కాలిలోకి దిగే వెచ్చటి రక్తం, పైకి తిరిగొచ్చే చల్లటి రక్తం పక్కపక్క నాళాల్లో వెళుతూ వేడి ఇచ్చిపుచ్చుకుంటాయి, పాదం దాకా వచ్చేసరికి పోగొట్టుకోవడానికి పెద్దగా వేడే మిగలదు. ఉత్తర అమెరికాలో నల్లతల చికడీ అని గుప్పెడంత పిట్ట ఉంది, చలి రాత్రుల్లో ఒంటి ఉష్ణోగ్రతని మామూలుకన్నా ఓ 10 డిగ్రీలు తగ్గించుకుని ఇంధనం ఆదా చేస్తుంది. అక్కడి అడవి కప్ప ఒకటి ఏకంగా ఒంట్లో నీళ్లు చాలామటుకు గడ్డకట్టి, గుండె ఆగిపోయి, వసంతంలో కరిగి లేచి గెంతుకుంటూ పోతుంది. మంచు మందంగా పడిందంటే నేలకీ దానికీ మధ్య చిట్టెలుకలు సొరంగాలు చేసుకుని తిరుగుతాయి, పైన ఎంత చలి ఉన్నా అక్కడ సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది. వీటిలో చాలా చచ్చిపోతాయి కూడా, ప్రతి చలికాలం, మనం గూళ్లు కట్టినా కట్టకపోయినా. జాలితో చేసే కొన్ని పనులు కీడే చేస్తాయి. చలికాలంలో ఎండు కొమ్మలకి అలవాటు పడ్డ జింక కడుపుకి ఒక్కసారిగా గింజలు పోస్తే పులిసిపోయి అది చచ్చిపోవచ్చు. పిల్లి సంగతి అలా కాదు. అది ఎండు నేలల ఒళ్లు వేసుకుని మనుషుల వెంట చలి దేశాలకి వచ్చింది, కాబట్టి ఆ దిగులు మన లెక్కలో వేసుకోవాల్సిందే. ఈ గూడు కొనాలంటే పిల్లుల కోసమే కొనండి, ఉడుతల కోసం కాదు.

గూడు పెట్టినా కొన్ని రాత్రులు అవి వేరేచోట పడుకుంటాయి, వెచ్చగా ఉన్న కారు ఇంజిన్ మీద మరీ ఇష్టంగా. పొద్దున్నే కారు తీసేవాళ్లు బానెట్ మీద రెండు దెబ్బలు గట్టిగా కొట్టి, కాస్త ఆగి స్టార్ట్ చేయండి. రేడియేటర్లో పోసే యాంటీఫ్రీజ్ ఎక్కడైనా ఒలికితే వెంటనే కడిగేయండి. అందులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, తియ్యగా ఉంటుంది, కుక్కలు ఆ తీపికే నాకుతాయంటారు, పిల్లులకి తీపి రుచి తెలియదు, అయినా తడి కనిపిస్తే నాకుతాయి లేదా పాదాలకి అంటినది నాక్కుంటాయి. ఒక చెంచాడు చాలు పిల్లి మూత్రపిండాలు పోవడానికి.

ఏ గూడూ సరిపోనివి కూడా ఉన్నాయి. నెలల కూనలు, ఒళ్లు చిక్కిన ముసలివి, జబ్బుతో ఉన్నవి, వీటికి బయట ఎంత గడ్డి వేసినా లాభం లేదు, ఎలాగోలా లోపలికి తేవాలి, గ్యారేజీ మూల అయినా సరే. పెద్ద పిల్లుల్లో కూడా చెవుల కొనలు, తోక చివర రోజూ ఒకసారి కంటితో చూడండి. పాలిపోయి బూడిద రంగుకి మారి, ముట్టుకుంటే చల్లగా గట్టిగా ఉంటే అది మంచుకాటు. రుద్దకండి, వేడినీళ్లు పోయకండి, వెచ్చటి చోటికి చేర్చి డాక్టర్‌కి చూపించండి. వణుకు ఆగిపోయి మత్తుగా పడి ఉంటే అది ఇంకా పెద్ద ప్రమాదం, వణుకు తగ్గింది కదా అని సంతోషించేది కాదు.

దీనికి బదులు ఏమైనా ఉందా అంటే ఉంది. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, లోపల నాలుగు వైపులా, కిందా పైనా థర్మాకోల్ కోసి పెట్టి, పక్కకి ఒక రంధ్రం చేసి, గడ్డి నింపితే ఈ గూడు చేసే పనంతా చేస్తుంది, కప్పు కారదు కూడా. చేత్తో పని చేసే అలవాటు ఉన్నవాళ్లు అదే చేసుకోండి. నాకు తీరిక లేదు, మడత పెట్టి దాచుకునేది కావాలి, పెరట్లో చూడడానికి కూడా బాగుండాలి అనుకునేవాళ్లకి ఇది సరే. చలికాలం అయిపోయాక గడ్డి తీసేసి, గోడలు సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే మడవండి, తడిగా మడిస్తే ఫోమ్‌లోంచి వచ్చే వాసన పోగొట్టడం ఎవరి వల్లా కాదు. జిప్పులకి కొంచెం కొవ్వొత్తి మైనం రాస్తే మళ్లీ ఏడు బిగుసుకోవు. కప్పు ఒక్కటే విడిగా అమ్ముతారా అని కంపెనీని అడిగాను, అమ్మరట. ఇలాంటివి ఇంకా చాలా కంపెనీలవి ఉన్నాయి, ఏది కొన్నా ముందు కప్పు ఫోటో పెద్దది చేసి చూడండి. కుట్టు నడినెత్తిన ఉంటే వదిలేయండి, ఒకే ముక్క గుడ్డ రెండు పక్కలకీ వాలి, అంచు గోడ కిందకి దిగి ఉంటే తీసుకోండి.